కోటేశ్వరమ్మ నంబరు

కోటేశ్వరమ్మ ఫోనుకు వారానికి మూడుసార్లు ఆసుపత్రి నుంచి మెసేజ్ వచ్చేది, రేపు పొద్దున డయాలిసిస్‌కు రమ్మని. డయాలిసిస్ ఆమెకు కాదు, ఆమె భర్త త్రినాథరావుకూ కాదు. ఇంటి వెనక రేకుల గదిలో ఉండే బక్కయ్యకు. బక్కయ్య భార్య సుమిత్రమ్మ ఆ ఇంట్లో పన్నెండేళ్లుగా వంట చేస్తోంది.

నల్గొండ దగ్గరి పల్లె నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చిన కొత్తలో సుమిత్రమ్మకు ఫోన్ లేదు. రేషన్ కార్డుకు నంబరు కావాలంటే, "నాది రాయించు. నేనెక్కడికి పోతాను?" అంది కోటేశ్వరమ్మ. ఆ తరువాత గ్యాసుకూ, బ్యాంకుకూ, ఆసుపత్రికీ అదే నంబరు. ఓటీపీ వస్తుందని మోకాలి నొప్పితోనే ఫోన్ పట్టుకుని రేషన్ షాపు దాకా నడిచిన రోజులూ ఉన్నాయి. మేలు చేస్తున్నానని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. పక్కింటికి కాస్త చక్కెర అప్పిచ్చినంత మామూలుగా నంబరిచ్చింది.

ఒక ఉదయం త్రినాథరావు పేపరు మడిచి, సంతోషంగా భార్యను పిలిచాడు. ప్రభుత్వ శాఖల సమాచారమంతా ఒకచోట కలిపి చూసే ఏఐ డేటాబేస్ వచ్చిందట. వందల కోట్లు పెట్టారట.

"ఎంతైతేనేంలే, దొంగ కార్డులన్నీ దొరికిపోతాయి" అన్నాడు.

ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి పైసా లంచం ముట్టని మనిషి. దొంగలు దొరుకుతారన్న సంబరంలో రెండో కాఫీ అడిగాడు. ఆ కాఫీ కలిపి తెచ్చిచ్చింది సుమిత్రమ్మే.

నెల తిరక్కుండానే ఆసుపత్రిలో బక్కయ్యను కౌంటర్ దగ్గర ఆపేశారు. అతని తెల్ల రేషన్ కార్డు రద్దయింది. ఆ కార్డుంటేనే డయాలిసిస్ ఉచితం.

కోటేశ్వరమ్మ సుమిత్రమ్మను వెంటబెట్టుకుని ఎల్బీ నగర్‌లోని రేషన్ కార్డుల ఆఫీసుకు వెళ్లింది. అక్కడి గుమస్తా ప్రసన్నకుమార్ చెడ్డవాడు కాదు. ఓపిగ్గా కంప్యూటర్ వాళ్లవైపు తిప్పి చూపించాడు.

"అందరిదీ ఒకటే ఫోన్ నంబరు, ఒకటే ఇంటి నంబరు. మీ సార్‌కు పింఛను ఉంది, కారుంది, ఇన్‌కంటాక్స్ కడ్తడు. నలుగురూ ఒక్కటే కుటుంబమని తేల్చిందమ్మా సిస్టమ్."

"మాకూ వీళ్లకూ ఏ చుట్టరికమూ లేదు బాబూ. చూస్తే తెలీడం లేదూ?"

"నాకు తెలుస్తది. దానికెట్ల తెలుస్తది?"

"అన్ని కోట్లు పోశారే. తప్పు కలిపితే విడదీసే దారి లేదా?"

"కలిపేటందుకు పోసిన్రమ్మా. విడదీసేటందుకు ఎవ్వరు పొయ్యలే. నా చేతిల ఏం లేదు, పైకి రాయాలె."

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకునేవాళ్ల గురించి విన్నాం. ఇక్కడ అంటుకున్న ఇంట్లో అసలు ఎలుకే లేదు.

సుమిత్రమ్మ సొంత ఫోన్ కొనుక్కోవాలి. ఆ రేకుల గది ఖాళీ చేయాలి, లేకపోతే మళ్లీ తనిఖీలో ఇంటి నంబరు చూసి సిస్టమ్ కలిపేస్తుంది. తమకూ వీళ్లకూ సంబంధం లేదని ఇంటివాళ్లు రాసివ్వాలి. ప్రసన్నకుమార్ చెప్పిన దారి ఇదే.

'సుమిత్రమ్మకూ మాకూ ఏ సంబంధమూ లేదు' అని రాసి, సంతకం దగ్గర కోటేశ్వరమ్మ ఆగిపోయింది. మోకాలి ఆపరేషన్ అయినప్పుడు నలభై రోజులు తనకు స్నానం చేయించింది ఈ సుమిత్రమ్మే.

"పెట్టమ్మా, సంతకానిదేముంది. ఆయన బతకాలె గదా" అంది సుమిత్రమ్మ.

కోటేశ్వరమ్మ సంతకం పెట్టింది.

కాగితం ఆ బల్ల మీద నుంచి ఈ బల్ల మీదికి కదలడానికి ఆరు వారాలు పట్టింది. త్రినాథరావు ఆసుపత్రిలో తన డబ్బు కట్టాడు. వారానికి మూడుసార్లు చేయించుకోవడానికి మాత్రం బక్కయ్యే ఒప్పుకోలేదు.

"మీ పింఛనంత నాకే పోస్తరా సార్? ఒక్కసారి చాలు" అన్నాడు.

చాలలేదు. ఒళ్లంతా నీరు పట్టింది. పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఆ ఒంటితోనే బడంగ్‌పేట్‌లో కిరాయి గదికి మారాడు. అంతదూరం నుంచి వంటకు రావడం సుమిత్రమ్మకు కుదరలేదు.

చివరికి కార్డొచ్చింది. ఆ సంగతి ప్రసన్నకుమార్ ఫోన్ చేసి చెబితే కోటేశ్వరమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఇక ఆసుపత్రి మెసేజ్‌లు సుమిత్రమ్మ కొత్త నంబరుకే వెళ్లాయి. ఫోన్ మూగబోతే మంచిదే, అంతా బాగుందనే కదా అని కోటేశ్వరమ్మ సర్దిచెప్పుకుంది. సుమిత్రమ్మ కొత్త నంబరు అడిగి రాసుకోలేదే అని మాత్రం చాలాసార్లు తనను తాను తిట్టుకుంది.

నెలన్నర తరువాత ఒక మధ్యాహ్నం సుమిత్రమ్మ గేటు బయట నిలబడి పిలిచింది. నుదుట బొట్టు లేదు.

కోటేశ్వరమ్మ గేటు పట్టుకుని నిలబడిపోయింది. "ఎప్పుడు?"

"ఇయాల్టికి ఇరవై దినాలాయె అమ్మా. కార్డొచ్చినంక మంచిగనే చేసిన్రు. అప్పటికే గుండె పాడైందన్నరు."

"నాకొక్క ఫోన్ చేయలేకపోయావా? నా నంబరు నీకు నోటికొచ్చు కదే."

"వొచ్చు. దవాఖానల కూసోని సగం దాక నొక్కిన." సుమిత్రమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నీ నంబరుకు చేస్తె ఆ కంప్యూటర్ మళ్ల మనల్ని కలుపుతదేమో, ఆయనకు మిషిని బంద్ చేస్తరేమోనని భయమైంది. చేతులార ఫోన్ బంద్ చేసిన."

ఫోన్ చేసినంత మాత్రాన అలా జరగదని చెప్పాలనుకుంది కోటేశ్వరమ్మ. జరగదని ఆమెకు మాత్రం ఏం తెలుసు?

"లోపలికి రా సుమిత్రా. ఇంత అన్నం తిను."

"ఒద్దమ్మా. మొగుడు పోయినోళ్లకిచ్చే పింఛనుకు రాసుకున్న. మీ ఇంట్ల కనబడొద్దు." ఆమె కమ్మీల మధ్య నుంచి చేయి చాచింది. పన్నెండేళ్లు తన కొంగుకు కట్టుకుని తిరిగిన వెనక తలుపు తాళంచెవి అందులో ఉంది. "గిది నా తానే ఉండిపోయింది. ఇచ్చిపోదామని ఒచ్చిన."

కోటేశ్వరమ్మ తాళంచెవి తీసుకోలేదు. గేటు తీసుకుని తనే రోడ్డు మీదికి వెళ్లి సుమిత్రమ్మను గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. ఏడుస్తూనే సుమిత్రమ్మ ఆమె భుజం మీద నుంచి తలెత్తి, ఎవరైనా చూస్తున్నారేమోనని వీధి చివరిదాకా చూసింది.