ఆరింటి ఈత

నాకు ముక్కు మీద కోపమని ఇంట్లో అందరూ అంటారు. ఆ కోపానికి జీతమిచ్చే ఉద్యోగం దొరకడం నా అదృష్టం. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా పని. ఇది బాగా పనిచేస్తుందని ఎవరు చెప్పినా నేను నమ్మను. నొక్కి చూస్తాను, తిప్పి చూస్తాను, అది చతికిలబడే దాకా వదిలిపెట్టను. చదువైపోయిన దగ్గర్నుంచి రెండేళ్ళుగా ఒక చిన్న కంపెనీలో ఇదే పని. ఐదున్నర కాగానే మా బాసు స్వయంగా లేచి లైట్లు ఆర్పేస్తాడు. అందులో ఆయన మంచితనం కొంత, కరెంటు బిల్లు భయం కొంత.

సోమవారం పొద్దున్నే ఒక పెద్ద కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. ఇప్పటి జీతానికి రెట్టింపు, ఆ పైన ఇంకొంచెం. శుక్రవారం సాయంత్రం ఆరింటిలోగా జవాబు చెప్పాలి. ఆఫీసు బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, తలుపు గడియ పెట్టుకుని, చప్పుడు కాకుండా ఎగిరి గంతేశాను. కాళ్ళు నేలకి ఆనీ ఆనకముందే గుర్తొచ్చింది, మరి ఆరింటి ఈత సంగతేమిటి?

అది చెప్పాలంటే మా అమ్మ మోకాళ్ళ గురించి చెప్పాలి. అమ్మ ఇంట్లో స్కూలు యూనిఫారాలు కుడుతుంది. రోజంతా మిషను ముందు కూర్చుని కూర్చుని మోకాళ్ళు మొండికేశాయి. డాక్టరు ఈత కొట్టమన్నాడు. అమ్మకేమో బకెట్లో నీళ్ళు నిండుగా ఉన్నా భయమే. నువ్వు దిగితేనే నేను దిగుతానని నన్ను పట్టుకుంది. అలా ఇద్దరం ఏడు వారాల కిందట ఆడవాళ్ళ క్లాసులో చేరాం. సోమ, బుధ, శుక్రవారాలు, ఆరు నుంచి ఏడు. అమ్మ ఒక చేత్తో గోడనీ, ఇంకో చేత్తో నన్నూ పట్టుకునేది. వదలమని నేను ధైర్యం చెప్పేదాన్ని. నా రెండో చెయ్యి ఎక్కడుండేదని మాత్రం ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

ఇంటర్వ్యూలో ఆ పెద్ద కంపెనీ మేనేజరు, మా దగ్గర పనివేళలు మీ ఇష్టమండీ అన్నాడు. చెప్పాను కదా, నేను నమ్మను. బుధవారం అమ్మతో ఆఫీసులో పని ఉందని అబద్ధం చెప్పి, ఈ ఒక్క రోజూ కాళ్ళు తడుపుకుని వచ్చెయ్యమన్నాను. ఐదున్నరకల్లా ఆ కంపెనీ అద్దాల భవనానికి ఎదురుగా ఉన్న కాఫీ షాపులో, కిటికీ పక్కన నోటు పుస్తకంతో కూర్చున్నాను. ఏడున్నర దాకా లోపల్నుంచి వచ్చింది పదకొండు మంది. నలుగురు సిగరెట్లు కాల్చుకుని లోపలికి పోయారు. ఇద్దరు భోజనం పార్సిళ్ళు అందుకుని పోయారు. ఒకాయన ఫోన్లో బతిమాలుకుంటూ అక్కడక్కడే పద్దెనిమిది సార్లు తిరిగి, ఆయనా పోయాడు. నిజంగా ఇంటిదారి పట్టింది నలుగురే. అందులో ఒకాయన చేతిలో పూలగుత్తి, అట్టపెట్టె ఉన్నాయి. అంటే ఆయన ఉద్యోగమే మానేసి పోతున్నాడన్నమాట. మూడు కాఫీలు తాగి, ఘనకార్యం చేసినట్టు ఇంటికొచ్చాను.

అమ్మ తడి జుట్టు విరబోసుకుని హాల్లో కూర్చుని ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"తేలానే," అంది. "వెల్లకిలా. నేర్పే మేడమ్ నా వీపు కింద రెండు వేళ్ళు పెట్టి, ఎప్పుడు తీసేసిందో తెలీలేదు. పైన పదకొండు లైట్లున్నాయి తెలుసా? అన్నీ లెక్కపెట్టాను."

నేనూ అదే సమయానికి పదకొండు లెక్కపెట్టాను. ఏడు వారాలు చెయ్యి పట్టుకున్నది నేను. వదిలిన రోజున నేను లేను. సంతోషంతో పాటు ఏడుపొచ్చింది, ఏడుపుతో పాటు ఒళ్ళు మండింది. నేను లేకుండా తేలమని ఈవిడకి ఎవరు చెప్పారు?

ఉండబట్టలేక నిజం చెప్పేసి, నా నోటు పుస్తకం నాన్న ముందు పెట్టాను. నాన్న సిటీ బస్సు డ్రైవరు. అంతా శ్రద్ధగా చదివి, నువ్వు కూర్చున్నది ఏ వైపు అని అడిగాడు. అద్దాల తలుపు వైపు అన్నాను.

నాన్న కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ తలుపు వచ్చేపోయే అతిథులకట. స్టాఫ్ గేటు వెనక వీధిలో ఉందట. సాయంత్రం డ్యూటీ ఉన్న వారాల్లో నాన్న బస్సు ఆ గేటు ముందే ఆగుతుందట. భవనానికి ఇంకో తలుపుంటుందేమోనని చూసుకోకుండా పరీక్ష పెట్టిన టెస్టరుని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా ఆఫీసులో తెలిస్తే ఆరు నెలలు ఏడిపిస్తారు.

"అయితే జనం ఆరింటికే ఇళ్ళకి పోతున్నారా?" అన్నాను, ప్రాణం లేచొచ్చి.

"ఆరుంపావుకి బస్సు నిండుతుంది. నిండగానే అందరూ లాప్‌టాప్‌లు తెరుస్తారు. నేను బ్రేకు వేస్తే వాళ్ళ వేలు ఎక్కడో పడుతుంది, నన్ను తిడతారు." నాన్న పుస్తకం మూసి ఇచ్చాడు. "గేట్ల దగ్గర కాపలా ఎందుకే? డ్యూటీ చార్టు అడుగు. ఎన్నింటికి ఎక్కాలో, ఎన్నింటికి దిగాలో రాసిమ్మను. చార్టు లేకుండా నేను స్టీరింగు ముట్టుకోను."

గురువారం మధ్యాహ్నం మేనేజరుకి ఫోన్ చేశాను. వారానికి మూడు సాయంత్రాలు, ఐదున్నర నుంచి ఏడున్నర దాకా నాకు ఫోన్ రాకూడదనీ, అది కాగితం మీద కావాలనీ అడిగాను. ఆయన చాలా మర్యాదస్తుడు. అలాంటివి రాసివ్వడం ఉండదనీ, మనమంతా ఒక కుటుంబమనీ, అవసరం వస్తే ఎవరూ గడియారం చూడరనీ నెమ్మదిగా చెప్పాడు.

"మీరు ఆరింటికి ఇంటికెళ్ళి ఎన్నాళ్ళయిందండీ?" అన్నాను.

"మొన్న మా పాప పుట్టినరోజుకి," అన్నాడు. తర్వాత తనే సరిచేసుకున్నాడు. "వెళ్దామనుకున్నాను."

ఆయన మీద నాకు కోపం రాలేదు. రాకపోవడం నాకే కొత్తగా ఉంది. సాయంత్రం ఇదంతా చెబితే నాన్న, మనకో కుటుంబం ఉందిగా, రెండోది ఎందుకే అన్నాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. కత్తెర పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"నా కోసమైతే ఆ ఉద్యోగం వదులుకోకు. నాకు తేలడం వచ్చేసింది. రేపెప్పుడో, అమ్మ వల్ల డబ్బు పోయిందని నా నెత్తిన పెట్టకు."

నాలుగు రోజులుగా నేను అమ్మనే అడ్డం పెట్టుకుని ఆలోచిస్తున్నాను. అమ్మ పక్కకి తప్పుకునేసరికి నేనొక్కదాన్నే మిగిలాను. నాకేం కావాలి? రాత్రంతా అటూ ఇటూ దొర్లాను. అంత జీతం వస్తే అమ్మకి కరెంటు మోటారున్న మిషను కొనొచ్చు. మేడ మీద ఇంకో గది వేసుకోవచ్చు. ఇవేవీ చిన్నవి కావు. అయినా బుధవారం అమ్మ తేలడం కళ్ళారా చూడలేకపోయానని గుర్తొచ్చిన ప్రతిసారీ లేచి కూర్చున్నాను.

శుక్రవారం పావు తక్కువ ఆరుకి, స్విమ్మింగ్ పూల్లో బట్టలు మార్చుకునే గదిలో, మేనేజరుకి రెండు ముక్కలు రాశాను. కృతజ్ఞతలండీ, నేను రాలేను. మూడో ముక్క కూడా చేర్చాను: పాపకి ఆలస్యంగా పుట్టినరోజు శుభాకాంక్షలు. పంపేశాను. బాధ లేదని కోతలు కొయ్యను. చెక్కబీరువాలో ఫోను పెట్టి తాళం వేశాను.

నేను బయటికొచ్చేసరికి అమ్మ అప్పటికే నీళ్ళ మధ్య వెల్లకిలా తేలుతోంది. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు. పంపేశావా అని అడిగింది. పంపేశాను, రానని చెప్పానన్నాను. నేను మెట్లు దిగి, అలవాటు ప్రకారం గోడ పట్టుకున్నాను. ఈసారి నా చెయ్యి పట్టుకోవడానికి అమ్మ లేదు కాబట్టి రెండు చేతులూ గోడ మీదే ఉన్నాయి. అమ్మ కంట పడనే పడింది.

"మేడమ్, ఇది చూశారా," అంది నేర్పే ఆవిడతో. "ఏడు వారాలు నాకు ధైర్యం చెప్పింది ఇదేనండీ."

ఆవిడ నవ్వింది. పక్కనున్న నలుగురూ నవ్వారు. నా ముఖం కందగడ్డయింది. అమ్మ నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చి నా వీపు కింద చెయ్యి పెట్టింది.

"వదులు. నేనున్నాగా."

వదిలాను. మునిగాను, నీళ్ళు మింగాను, దగ్గాను, ఆ స్విమ్మింగ్ పూల్ కట్టినవాణ్ణి తిట్టాను. అమ్మ మళ్ళీ చెయ్యి పెట్టింది. మళ్ళీ వదిలాను. చెవుల్లోకి నీళ్ళు పోయి లోకమంతా నిశ్శబ్దమైపోయింది. పైన ఒక లైటు కనబడింది. ఒకటి. రెండు. మూడు. అమ్మ చెయ్యి ఉందో లేదో తెలీలేదు. నాలుగు దగ్గర గాభరాపడి మునిగి, అమ్మ భుజం పట్టుకుని లేచాను.

"నాలుగు చూశానమ్మా," అన్నాను రొప్పుతూ.

"మిగతా ఏడూ సోమవారం చూద్దువుగాని," అంది అమ్మ.