రైన్ నదిలో నీళ్లు తగ్గిన ఏడు

ఏకాంబరం తోలుకొచ్చిన తోతాపురి కాయల ట్రాక్టరును మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపేసినారు. ఆయన కేకలు విని, లోపల పనిచేసే కూతురు మహిత బయటికొచ్చింది.

"నాయనా, మన గుజ్జు డ్రమ్ములు నెదర్లాండ్స్ రేవులోనే నిలిచిపోయినాయి. రైన్ నదిలో నీళ్లు తగ్గి జర్మనీకి పడవలు పోవడం లేదంట. అందుకే ఈడ కాయలు తీసుకోవడం ఆపేసినారు."

ఫోన్‌లో మ్యాపు చూపించింది. స్విట్జర్లాండ్ కొండల్లో పుట్టిన నది ఫ్రాన్స్ అంచున, జర్మనీ మీదుగా పారి నెదర్లాండ్స్‌లో సముద్రంలో కలుస్తా ఉండాది.

"ఇన్ని దేశాలకు ఒకటే నదా? నీళ్లకు కొట్లాడుకోరా?"

"కూర్చోని మాట్లాడుకుంటారంట నాయనా."

నాలుగు బోర్లు ఎండిపోయిన ఏకాంబరం ఆ నీలిగీతను చానాసేపు చూసినాడు. కోపం తగ్గిపోయింది. కాయల్ని చిత్తూరు మండీకి తోలి, వ్యాపారి అడిగిన రేటుకే ఇచ్చేసినాడు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటా మహితను అడిగినాడు: "జర్మనీలో మబ్బేమన్నా పట్టిందేమో సూడు, పాపా."