చెరువు వెనక కొండ

ఆ టీవీ ఛానల్లో వార్తల విభాగం పెద్దను అందరూ చాటుగా తుఫాను అని పిలిచేవారు. మనిషి కోపిష్టి కాదు. ఎక్కడ చిన్న గాలి వీచినా తెర మీద తుఫాను రేపడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య, అంతే.

ఒకరోజు పొద్దున్నే, ఊరి చివర చెరువు గట్టున చేపలు చచ్చి పడున్నాయని ఎవరో ఫోన్ చేశారు. కెమెరామన్లందరూ వేరే పనుల మీద వెళ్ళారు.

"బొమ్మల్లేకుండా వార్త ఎలా పోతుంది? పాతవాటిలో ఏదైనా చూసి అతికించు," అన్నాడు తుఫాను, వీడియో ఎడిటర్ భుజం తట్టి.

ఎడిటర్ వెతికాడు. ఎప్పుడో, ఎక్కడో మరో ప్రాంతంలో తీసిన దృశ్యం దొరికింది. నీటి మీద తెల్లగా వెల్లకిలా తేలుతున్న వేల చేపలు. దాన్నే అతికించి, మూలన 'పాత దృశ్యాలు' అని చిన్న అక్షరాలు వేశాడు. ప్రసారంలో కిందనుంచి బ్రేకింగ్ న్యూస్ ఎర్రటి పట్టీ వచ్చి ఆ అక్షరాలను మింగేసింది. అతను చూశాడు. ఎవరో ఒకరు సరిచేస్తారులే అనుకుని తర్వాతి వార్త పనిలో పడ్డాడు. ఎవరూ సరిచేయలేదు. ఆ చేపలు రోజంతా ఇంటింటా తేలాయి.

సెలవు రోజున అతను అన్నగారింటికి భోజనానికి వెళ్ళాడు. వదిన ఆ చెరువు పక్కనున్న బడిలో సైన్సు టీచరు. అతను వెళ్ళేసరికి బట్టలు ఇస్త్రీ చేస్తోంది.

"ఏమయ్యా మరిదీ, మన చెరువు వెనక కొండ ఎప్పుడు మొలిచింది?" అంది తలెత్తకుండానే.

"కొండేంటి వదినా?"

"మీ టీవీలో చేపల వెనకాల చూశాంగా. నీలంగా ఎంత బాగుందో! దాని పక్కనే ఇల్లు తీసుకుందామనుకుంటున్నాం మీ అన్నా నేనూ."

అతను అన్నిసార్లు ఆ దృశ్యాన్ని ముందుకీ వెనక్కీ తిప్పినవాడు, కొండను గమనించనే లేదు. ఆ ఊరి చుట్టుపక్కల ఎంత దూరం పోయినా కొండన్నది లేదు.

వదిన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "నవ్వులాటకన్నాను గానీ, లోపల బాధగానే ఉంది. నిన్న క్లాసులో చెరువంటే ఏంటర్రా అని అడిగాను. సగంమంది 'చెరువు ఒక జలవనరు' అని ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పారు. మిగతా సగం 'చచ్చిన చేపలుండే చోటు టీచర్' అన్నారు. మొదటిది నేను నేర్పిన ముక్క. రెండోది నువ్వు నేర్పిన ముక్క. ఎక్కడో మంచు కరిగిపోతోందంటే కళ్ళనీళ్ళు పెట్టుకునే పిల్లలు, గోడ అవతలున్న చెరువు ఒక్కరూ చూడలేదు."

"నువ్వే తీసుకెళ్ళి చూపించొచ్చుగా?"

"ఎలా తీసుకెళ్ళను? అక్కడ విషం ఉందని తల్లిదండ్రులు ఒకటే గోల. ఆ గోల ఎవరు పెట్టించారో మళ్ళీ చెప్పాలా?"

అసలేం జరిగిందో కనుక్కుంటానని చెప్పి అతను భోజనానికి కూర్చున్నాడు.

మర్నాడు ఆరా తీస్తే అసలు సంగతి తేలింది. గట్టున కనిపించినవి చెరువులో చచ్చినవే కావు. అమ్ముడుపోక ఎవరో గట్టు మీద పారబోసి పోయిన గంపెడు చేపలు. సవరణ వేద్దామని తుఫాను దగ్గరికి వెళ్ళాడు.

"చేపలు చావలేదని వార్త వేస్తే ఎవడు చూస్తాడయ్యా? సూర్యుడు తూర్పునే పొడిచాడని కూడా వేద్దామా?" అన్నాడు తుఫాను. తర్వాత కొంచెం మెత్తబడి, "సరే, నిజంగా అక్కడేముందో తీసుకురా. సరుకుంటే చూద్దాం," అన్నాడు.

ఎడిటర్ ఒక కెమెరా అడిగి తీసుకుని, పిల్లల్ని కూడా చెరువుకు తీసుకెళ్దామని వదినతో చెప్పాడు. కొందరు తల్లిదండ్రులు కూడా వెంట వస్తామన్నాకే హెడ్మాస్టరు పిల్లల్ని పంపడానికి ఒప్పుకున్నాడు. వచ్చినవాళ్ళలో ఒక బట్టల షాపు యజమాని ఉన్నాడు. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, దారి పొడుగునా ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే నడిచాడు.

చెరువు కనిపించగానే పిల్లలు గట్టు మీదికి పరుగెత్తి, ఆగిపోయారు.

"చచ్చిన చేపలేవి టీచర్?" అన్నాడొకడు, సినిమా టికెట్లు అయిపోయాయని చెబితే పెట్టే మొహం పెట్టి.

"లేవు. అందరూ కూర్చోండి. పుస్తకంలో లేనిదీ, టీవీలో చూడనిదీ ఏదైనా కనిపిస్తే చెప్పండి," అంది వదిన.

కాసేపు గుసగుసలు, తోపులాటలు. తర్వాత మెల్లగా మాటలు మొదలయ్యాయి. నీళ్ళు ఇటు ఆకుపచ్చగా, అటు బురదగా ఉన్నాయని ఒకరు. ఓ పక్షి మునిగితే ఎక్కడ తేలుతుందో కనిపెట్టలేకపోతున్నామని ఇద్దరు. అవతలి ఒడ్డు గుండ్రంగా లేదు, ఎవరో కొరికినట్టుందని ఒకమ్మాయి. అది షాపాయన కూతురే. దగ్గరికెళ్ళి చూద్దామంది.

కొరికినట్టున్న చోట విరిగిన ఇటుకలు, సిమెంటు పెళ్ళలు, గోడ ముక్కలు గుట్టలుగా నీళ్ళలోకి దిగి ఉన్నాయి. లారీ చక్రాల గాడులు ఇంకా తడిగా ఉన్నాయి. ఆ అమ్మాయి వంగి ఒక పలక తీసి, వేలితో మట్టి తుడిచింది. నీలం మీద తెల్ల చేప బొమ్మ.

"నాన్నా! మన పాత బాత్రూం టైల్స్!"

ఎడిటర్ చేతిలో కెమెరా నడుస్తూనే ఉంది. షాపాయన మొహం మీదినుంచి రుమాలు జారింది. "కూలగొట్టించింది నేనే... కానీ లారీవాడికి డబ్బులిచ్చేశానండీ. ఎక్కడ పోశాడో నాకేం తెలుసు?" అని, కూతురి వంక చూశాడు. ఆ పిల్ల పలకను గౌను జేబులో పెట్టుకుంది.

తుఫాను ఆ దృశ్యం గురించి వినగానే కుర్చీలోంచి లేచాడు. "ఇదీ సరుకంటే! చెరువుని మింగిన ఘరానా తండ్రి! ఆ మొహం దగ్గరగా, మళ్ళీ మళ్ళీ వెయ్యి."

ఎడిటర్ ఎడిటింగ్ గదిలో కూర్చుని ఆ మొహాన్ని చాలాసేపు చూశాడు. ఇది వేస్తే ఊరంతా ఆ మనిషిని తిట్టుకుని, హాయిగా నిద్రపోతుంది. తమ ఇంటి పాత గోడ ఎక్కడికెళ్ళిందని ఎవరూ అడగరు. ఆ పిల్ల మాత్రం రేపు బడికి వెళ్ళాలి. అతను ఆ ముక్క కోసి పూర్తిగా చెరిపేశాడు. పక్షిని, ఒడ్డును, లారీ గాడులను ఉంచాడు. మొన్న చూపించిన చేపలు ఈ చెరువువి కావని చివర చెప్పించాడు.

"మొహం ఏదయ్యా?" అన్నాడు తుఫాను.

"లేదు సార్. చెరిపేశాను."

ఆ కథనం వాతావరణ సమాచారానికి ముందు ఒక్కసారి ప్రసారమైంది. ఏ పట్టీ దాన్ని మింగలేదు, ఏ గొడవా రేగలేదు. ఆ వారం నుంచి ఎడిటర్ని వంటల కార్యక్రమానికి మార్చారు. "ఏం చేస్తాం, ఇకనుంచి వంకాయలు కోసుకో," అని వదిన నవ్వింది గానీ, భోజనానికి కూర్చున్నప్పుడు అతనికి ఇష్టమైన కూర అడగకుండానే రెండోసారి వడ్డించింది.

చెరువు దగ్గర మున్సిపాలిటీ వాళ్ళు చెత్త పోయకూడదని ఒక బోర్డు పాతారు. లారీలు కొన్నాళ్ళు మానేసి, తర్వాత బోర్డు లేని ఒడ్డు వైపునుంచి రావడం మొదలెట్టాయి. వదిన మాత్రం ప్రతి తరగతినీ వంతులవారీగా గట్టు మీదికి తీసుకెళుతోంది. ఇప్పుడు తల్లిదండ్రులు అడ్డు చెప్పడం లేదు.

ఒక సాయంత్రం ఎడిటర్ అన్నగారింట్లో ఉండగా షాపాయన గుమ్మంలోకి వచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"టీచరుగారూ, షాపు వెనక గోడ కూలగొట్టించాలి. ఆ చెత్త ఎక్కడ పొయ్యమంటారు? మా అమ్మాయి మీరు చెబితేగానీ పని మొదలెట్టనివ్వనంటోంది."

వదిన మరిది వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన ఆమెకూ, ఇన్నేళ్ళు వార్తలు అతికించిన అతనికీ తెలియదు.

"కూర్చోండి," అంది వదిన కుర్చీ జరుపుతూ. "నాకూ తెలీదండీ. కనుక్కుందాం."

మరిది ఫోన్ తీసి మున్సిపాలిటీ నంబరు కోసం వెతకడం మొదలుపెట్టాడు.