కస్తూరి ఇచ్చిన వాంగ్మూలం

వీధి తలుపు అద్దం భళ్లున పగిలింది. వంటింట్లోంచి కస్తూరి పరుగున వచ్చేసరికి, ఆ కన్నంలోంచి చెయ్యి లోపలికి పెట్టి ఆమె తమ్ముడు దినేశ్ గడియ తీస్తున్నాడు. మోచేతి నుంచి రక్తం కారుతోంది. ఆ సంగతి అతనికి తెలిసినట్టే లేదు.

"ఫైలెక్కడక్కా?" అన్నాడు.

ఆ ఫైలు అతని భార్య మారిసెల్‌ది. ఆమె ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో పుట్టింది. నర్సుగా ఇంగ్లండ్‌లోని స్విండన్ వచ్చి, దినేశ్‌ని పెళ్లాడి, పదకొండేళ్ల కిందట బ్రిటిష్ పౌరసత్వం తీసుకుంది. దాంతో పుట్టిన దేశపు పౌరసత్వం పోయింది. అలా పోగొట్టుకున్నవాళ్లు తిరిగి వెళ్లి స్థిరపడటానికి ఆ దేశం ఒక వీసా ఇస్తుంది. దానికి కావలసిన జనన పత్రం, పాత పాస్‌పోర్టు, బ్రిటిష్ పౌరసత్వ పత్రం ఆ ఫైల్లో ఉన్నాయి. పోలీసు రికార్డేమీ లేదన్న సర్టిఫికెట్ ఒక్కటే ఇంకా రావాలి. "మా ఇంట్లో ఉంటే చింపేస్తాడు వదినా" అని మారిసెల్ రెండు నెలల కిందటే ఫైలు తెచ్చి కస్తూరికి ఇచ్చింది. ఆమె తెలుగు, అత్తగారి దగ్గర నేర్చుకున్నది. అచ్చం తెనాలి యాస.

శుక్రవారం ఎంబసీ పంపిన ఈమెయిల్ దినేశ్ కంటపడింది. ఆ సాయంత్రమే అతను మారిసెల్ ఎడమచేతిని కారు తలుపు సందులో పెట్టి, తలుపు వేసేశాడు. రెండు వేళ్లు విరిగాయి. హాస్పిటల్ నుంచి ఆమె ఇంటికి పోలేదు. ఇప్పుడు కస్తూరి ఇంట్లో, మేడ మీద గదిలో, నొప్పి మాత్రల మత్తులో పడుకుని ఉంది.

"ఇక్కడ ఏ ఫైలూ లేదురా. ముందు ఆ చెయ్యి కడుక్కో."

దినేశ్ అక్క జుట్టు పట్టుకుని వంటింట్లోకి ఈడ్చుకుపోయాడు. సొరుగులు ఒక్కొక్కటే ఊడబెరికి నేలకేసి కొట్టాడు. స్పూన్లు, కత్తులు, గరిటెలు ఆమె కాళ్ల మీద పడ్డాయి.

"ఈ దేశంలో దానికో ఇల్లిచ్చింది నేను. నన్నొదిలేసి ఎక్కడికి పోద్ది?"

"ఇక్కడే ఉంటే చంపేస్తావురా దాన్ని. పోనియ్యి."

అతను ఆమె తల వెనక చెయ్యి వేసి, ముఖాన్ని స్టవ్ పక్క గట్టుకేసి కొట్టాడు. పన్ను విరిగి నాలుక మీద పడింది. ఇంకోసారి కొట్టాడు. తర్వాత ఆమెను గోడకు అదిమి, మోచెయ్యి గొంతుకు అడ్డంగా పెట్టి నొక్కాడు. కస్తూరికి ఊపిరాడలేదు. గోళ్లతో అతని ముఖం రక్కింది. కళ్లముందు చీకట్లు కమ్ముకున్నాయి.

"దినేశ్, వదిలెయ్. ఫైలు ఇచ్చేస్తాను."

మారిసెల్ గుమ్మంలో నిలబడి ఉంది. అతను తల తిప్పి చూశాడు గాని చెయ్యి తియ్యలేదు. ఆమె స్టవ్ మీది ఇనప పెనాన్ని కుడిచేత్తో అందుకుని అతని చెవి వెనక కొట్టింది. అతను ఆమె మీదికి తిరిగాడు. రెండో దెబ్బ భుజం ఎముక మీద పడింది. అతను కూలబడ్డాడు. మారిసెల్ పెనం మళ్లీ ఎత్తింది. ఈసారి సరిగ్గా అతని నడినెత్తికి గురిపెట్టింది. మాట పెగలక కస్తూరి పాకుతూ వెళ్లి ఆమె కాలు పట్టుకుంది. మారిసెల్ ఆమె వంక చూసి, పెనం కింద పడేసి, పక్కనే కూర్చుండిపోయింది.

పక్కింటివాళ్లు ఫోన్ చేసినట్టున్నారు, పోలీసులు వచ్చారు. దినేశ్ గోడకు ఆనుకుని, ఆఫీసు మీటింగులో మాట్లాడినంత శుభ్రమైన ఇంగ్లీషులో చెప్పాడు: "నా భార్యకు మతి స్థిమితం లేదు. మా అక్కను కొడుతుంటే ఆపబోయాను. నన్నూ కొట్టింది. కావాలంటే అక్కనే అడగండి."

పెనం మీద రక్తం ఉంది. పోలీసు ఒకడు మారిసెల్ చేతులు వెనక్కి విరిచి సంకెళ్లు వేస్తుంటే, విరిగిన వేళ్లు నలిగి ఆమె కేక పెట్టింది. కేసు నమోదైతే సర్టిఫికెట్ మీదికి ఎక్కుతుంది. వీసా రాదు.

"వదినా," అంది మారిసెల్. ఇంకేమీ అనలేదు.

అనక్కర్లేకపోయింది. ఆరేళ్ల కిందట దినేశ్ కొట్టిన దెబ్బకు మారిసెల్ కర్ణభేరి పగిలినప్పుడు పోలీసులు వచ్చి ఇలాగే అడిగారు. అప్పుడు "మెట్ల మీంచి పడింది, నేను చూశాను" అని చెప్పింది కస్తూరే. వాడి ఉద్యోగం పోతుందని తల్లి రాజేశ్వరమ్మ ఫోన్లో ఏడ్చింది మరి.

"అక్కా, ఆలోచించి చెప్పు," అన్నాడు దినేశ్ తెలుగులో. "అమ్మ తట్టుకోలేదు."

కస్తూరి లేచి సింకులో రక్తం ఉమ్మింది. పెదాలు వాచి మాట సరిగ్గా రావడం లేదు. అయినా కారు తలుపు దగ్గర్నుంచి గొంతు మీది మోచెయ్యి దాకా అన్నీ చెప్పింది. పోలీసు నోట్‌బుక్ మూయబోతుంటే ఆపింది.

"ఆరేళ్ల కిందట మెట్ల మీంచి పడిందని నేను అబద్ధం చెప్పాను. అదీ రాసుకోండి."

మర్నాడు మారిసెల్‌ను ఏ కేసూ లేకుండా వదిలేశారు. దినేశ్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. రెండేళ్ల పది నెలల జైలుశిక్ష వేశారు.

"సొంత తమ్ముణ్ణి జైల్లో పెట్టించావు కదే," అంది రాజేశ్వరమ్మ ఫోన్లో.

"నా పళ్లు రెండు పోయాయమ్మా."

"పళ్లు కట్టించుకోవచ్చే."

కస్తూరి ఫోన్ పెట్టేసింది. తర్వాత నెలన్నర తల్లితో మాట్లాడలేదు.

పోలీసు సర్టిఫికెట్ మచ్చ లేకుండా వచ్చింది. మార్చిలో వీసా ముద్ర పడింది. హీత్రూ విమానాశ్రయంలో మారిసెల్ కస్తూరిని గట్టిగా వాటేసుకుంది. ఆరేళ్ల కిందటి మాట ఇద్దరూ ఎత్తలేదు.

మేలో ఇలోయిలో నుంచి ఫోన్ చేసింది. ఒక క్లినిక్‌లో పని దొరికిందట. విరిగిన వేళ్లు ఇంకా సరిగ్గా వంగడం లేదట, సూది గుచ్చడం కష్టంగా ఉందట.

"రోడ్డు మీద ఎవరి కారు తలుపు పడినా ఉలిక్కిపడుతున్నాను వదినా."

"నేనూ అంతే. తలుపు సందులోంచి పోస్టు పడిన చప్పుడైనా సరే, కత్తి ఎక్కడుందా అని చూస్తున్నాను."

తర్వాత మారిసెల్, అక్కడి బజార్లో ఆ పొద్దున కొన్న చేప ఎంత పెద్దదో చెప్పడం మొదలుపెట్టింది.