పిన్నీ అంటే పలకని పద్మావతి

జేవియర్ డాక్టరుగారు పారిస్‌లో మనసు వైద్యం చదివొచ్చారు. యానాంలో పుట్టారు గనక తెలుగు వచ్చు, అక్కడ చదివారు గనక ఫ్రెంచి వచ్చు. ఆ రెండూ కలిసొచ్చిన మొనగాడు తనొక్కడేనని ఆయన నమ్మకం. పాండిచ్చేరి నుంచి దిగిన ఒక కుర్ర దొర డాక్టరుని వెంటేసుకుని మెట్టకూరులో అమ్మన్నగారింటికి వచ్చారు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, వేసిన కుర్చీ వద్దని, చాప మీద బాసింపట్టు వేశారు. పంట్లాం కుట్లు పిగిలిపోతున్నా లేవలేదు. మన పద్ధతిని గౌరవించాలి కదా మరి!

అత్తగారు అమ్మన్న పక్కన గోడకానుకుని కూర్చున్న పద్మావతికి నవ్వొచ్చింది. నవ్వితే పిచ్చి ముదిరిందంటారని ఊరుకుంది. వేసవి నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడటం లేదు.

కారణం చిన్నదేనట. పెద్దకోడలు వరలక్ష్మికి పిల్లలు లేరు. ఒళ్లో పిల్లని పెట్టుకుంటే కడుపు పండుతుందని ఎవరో చెప్పారు. అంతే, పద్మావతి మూడేళ్ల కూతురు బుల్లెమ్మని తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టేశారు. దూరమేమీ కాదు, పక్కగదే. కాకపోతే ఇకనుంచి వరలక్ష్మి ‘అమ్మ’, పద్మావతి ‘పిన్ని’. మొగుడు చిన్నారావు తల్లి మాటకు తలూపాడు. తలూపడానికే పుట్టాడు మహానుభావుడు. కూతురు మొదటిసారి ‘పిన్నీ’ అన్నరోజున పద్మావతి పలకలేదు. ఆ తరవాత ఎవరు పిలిచినా పలకలేదు. గాలి సోకిందన్నారు. ఇప్పుడు ఇంట్లో ఉంచాలో, పాండిచ్చేరి పిచ్చాసుపత్రికి పంపాలో ఈ డాక్టరుగారు తేల్చాలి. పంపితే కూతురు ఇక కంటికి కూడా కనపడదు.

“నీ మనసులో బాధేవిటో చెప్పమ్మా,” అన్నారు డాక్టరుగారు గొంతులో తేనె పోసుకుని.

“దానికేం బాధండీ? సుబ్బరంగా తింటంది, ఆయ్,” అంది అమ్మన్న.

“రాత్రిళ్లు నిద్ర పడుతోందా తల్లీ?”

“మాకే పట్టట్లేదండి. గుడ్లప్పగించి చూత్తా కూచుంటంది.”

“పిల్ల మీద బెంగా?”

“పిల్లెక్కడికెళ్లిందండీ? ఇంట్లోనే ఉందిగా!”

కోడలిని అడగడం, అత్తగారు చెప్పడం, ఆయన తల పంకించడం. పెద్దావిడని కాసేపు లేచి వెళ్లమనడం మన సంప్రదాయం కాదట. ఆ సంప్రదాయానికి పద్మావతికి ఒళ్లు మండిపోయింది.

కుర్ర దొర ఏదో సందేహం అడిగాడు. డాక్టరుగారు అటు తిరిగి ఫ్రెంచిలో అందుకున్నారు.

“ఇవి మీకు అర్థం కావు. ఇక్కడ పిల్లలు ఇంటందరి సొత్తు. మీ దేశపు తల్లిలా ఈ తల్లి బాధపడదు. ఇది పూనకం లాంటిది. వీళ్ల నమ్మకం ప్రకారం ముందు భూతవైద్యుణ్ణి పిలిపిద్దాం. తగ్గకపోతే పాండిచ్చేరి.”

పద్మావతి తండ్రి యానాం ఫ్రెంచి బడిలో పంతులు. ఆ సంగతి ఈయన అడిగిందీ లేదు, వాళ్లు చెప్పిందీ లేదు.

“నేను బాధపడనని మీకెవరు చెప్పారు?” అంది ఆమె, ఫ్రెంచిలోనే.

డాక్టరుగారు గిరుక్కున ఇటు తిరిగారు.

“మా అత్తగారు అడ్డురాలేని భాష ఇదొక్కటే, అందుకని ఇందులో చెబుతున్నాను. నాకు ఏ జబ్బూ లేదు. కన్నకూతురు పిన్నీ అంటుంటే పలకబుద్ధి కాలేదు. నా పిల్లని నాకిప్పించండి.”

“ఓలమ్మో! దొరల దెయ్యవే పట్టిందండీ!” అని అమ్మన్న గుండెలు బాదుకుంది. “ఏవంటందండీ బాబూ?”

డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. పెద్దావిడ మనసు నొప్పించకూడదు.

“మీరంటే ఎంతో గౌరవం అంటోందండీ. ఒంట్లో కాస్త నలతగా ఉందంట.”

ఛీ! రెండు భాషలొచ్చిన పెద్దమనిషి ఒక్క నిజాన్ని చాప ఈ చివర నుంచి ఆ చివరకి మోయలేకపోయాడు. ఇలాంటివాడి కోసమా ఇంటిల్లిపాదీ ఎదురుచూసింది?

పద్మావతి లేచి నిలబడింది. “నేనన్నది అది కాదత్తయ్యా. నా పిల్లని నాకిచ్చెయ్యమన్నాను. నాకు పిచ్చి లేదు.”

“మాటొచ్చింది! డాక్టరుగారి హస్తవాసి!” అంది అమ్మన్న. డాక్టరుగారు సిగ్గు లేకుండా చిన్నగా నవ్వారు కూడా. కుర్ర దొర మాత్రం తల దించుకున్నాడు.

ఆ గొంతు విని బుల్లెమ్మ పక్కగది గుమ్మంలోకి వచ్చింది.

“పిన్నీ!”

పద్మావతి నోరు మళ్లీ మూతపడింది.

“పలకవేమే, పిల్ల పిలుత్తుంటే!” అని అరిచింది అమ్మన్న. పద్మావతి పలకలేదు. పిల్ల పెదవి వణికింది. అందరి మొహాలూ చూసింది.

“అమ్మా,” అంది మెల్లిగా.

“ఆఁ, వస్తన్నానమ్మా,” అని లోపల్నించి వరలక్ష్మి పలికింది. పిల్ల అటు తిరగలేదు. నేరుగా వచ్చి పద్మావతి కుచ్చిళ్లు పట్టుకుంది.

పద్మావతి కూతుర్ని చంకనెత్తుకుంది. కళ్లు తుడుచుకోలేదు. చాప మీద ఇంకా బాసింపట్టులోనే ఉన్న పెద్దమనిషి వైపు చూసి, అందరికీ తెలిసేలా తెలుగులో చెప్పింది.

“డాక్టరుగారూ, మీ చెప్పులు గుమ్మం దగ్గరున్నాయి.”