కార్లీన్ నీడ

ఆదివారం భోజనాలయ్యాక ఎవరి గిన్నెల మూతలు వాళ్ళు వెతుక్కునే వేళకి, ఆ ఊరి తెలుగువాళ్ళ మాటలు ఎక్కడ మొదలైనా ఆస్పత్రి దగ్గరికొచ్చి ఆగేవి. మొక్కజొన్న చేల మధ్య చిన్న ఊరది. అరోరా గుడికి వెళ్ళాలంటే పొద్దున్నే బయల్దేరాలి. ట్రాక్టర్ల ఫ్యాక్టరీని నమ్ముకుని వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఓ అరడజను. ఊళ్ళో సినిమా హాలు లేదు, కరివేపాకు దొరికే కొట్టు లేదు. తిట్టుకోవడానికైనా పొగడటానికైనా ఆ ఎర్ర ఇటుకల ఆస్పత్రి ఒక్కటే ఉంది.

"ఎమర్జెన్సీలో కూర్చోబెట్టారంటే ఇక అంతే. నా మోకాలికి ఐస్ తెచ్చేలోపు వాపు దానంతటదే తగ్గిపోయింది," అన్నాడు యోగానంద్. ఆ వారం భోజనాలు వాళ్ళింట్లోనే.

"డాక్టర్లు మామూలే, నర్సులు బంగారం," అన్నారు రామమోహన్ గారు. ఆయన రిటైరైన డాక్టరు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు. "నీడల సంగతంటారా, అది మన రాత. నా హెర్నియాకి వచ్చింది వట్టి బద్ధకపు మనిషి. నా పక్కన కూర్చుని టీవీ చూసేది. ఛానల్ మారిస్తే అలిగేది."

ఆ ఆస్పత్రిలో పడుకుని లేచిన వాళ్ళతో పాటు, వాళ్ళని చూసుకున్న నర్సు నీడ కూడా ఇంటికొస్తుంది. నర్సు వీల్‌చెయిర్‌ని గుమ్మం దాకా తోసుకొచ్చి, కారు తలుపు వేసి, చెయ్యి ఊపి వెనక్కి తిరుగుతుంది. నీడ మాత్రం వెనక సీట్లో కూర్చుంటుంది. కొన్నాళ్ళుండి, దుప్పటి సర్ది, మందు వేళకి గ్లాసుతో నీళ్ళందించి, ఇక తనతో పనిలేదనుకున్న రోజున ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. నీడ లేని నర్సు కొట్లో పాలు కొనుక్కుంటూ కనబడితే ఊళ్ళో ఎవరూ వింతగా చూడరు. ఇప్పుడు ఎవరింట్లో ఉందో అని మాత్రం ఆరా తీస్తారు.

"ఎవరింట్లో ఎన్నాళ్ళుంటే ఏం లెండి, ఆండాళ్ గారి రికార్డు ఎవరూ కొట్టలేరు," అన్నారెవరో. "దసరాకి వచ్చింది, థాంక్స్‌గివింగ్‌కి కూడా ఇక్కడే ఉంది. అదీ కార్లీన్ నీడ. పెట్టిపుట్టాలి."

యోగానంద్ భార్య ఆండాళ్ లేచింది. పాయసం తెస్తానని వంటింట్లోకి వెళ్ళింది.

మీనా ఆవిడ వెళ్ళిన వైపే చూసింది. కిటికీలో ఆండాళ్ కరివేపాకు మొక్క ఇల్లినాయ్ చలిని లెక్కచేయకుండా నిగనిగలాడుతోంది. మీనా ఇంట్లో మూడు మొక్కలు చచ్చిపోయాయి. పుస్తకంలో ఉన్నట్టే నీళ్ళు పోసింది, పుస్తకంలో ఉన్నట్టే ఎండలో పెట్టింది. అయినా చచ్చాయి. ఆండాళ్ ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు పోస్తుందట.

మీనా ఏదీ గుర్తొచ్చినప్పుడు చేసే మనిషి కాదు. పిల్లల కారు సీటు బెల్టు రెండుసార్లు లాగి చూశాకే బండి కదిలిస్తుంది. బిస్కెట్ పాకెట్ మీద చిన్న అక్షరాలన్నీ చదివాకే బుట్టలో వేస్తుంది. ఆస్పత్రి వాళ్ళు అభిప్రాయం అడిగితే నాలుగు నక్షత్రాలు ఇవ్వబోయి, అబద్ధమవుతుందేమోనని మూడే ఇచ్చింది. ఒకటి తగ్గించడానికి కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు. కౌస్తుభ్ పుట్టినప్పుడు ఆమె వెంట వచ్చిన నీడ, మర్నాడు కాఫీ కలిపేలోపే వెళ్ళిపోయింది. ఎవరైనా అడిగితే, "ఉందండీ కొన్నాళ్ళు," అనేది. ఆ మాట అన్నప్పుడల్లా గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టుండేది. అప్పటికి కౌస్తుభ్‌కి అయిదేళ్ళు నిండాయి. ముల్లు మాత్రం అక్కడే ఉంది.

చేలు కోసేసిన రోజుల్లో మీనాకి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళని తేలింది. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. భర్త అనూప్ ఉద్యోగం ఎక్కడో దూరాన ఇర్వింగ్ ఊళ్ళోని ఆఫీసులో. వారం మొదట్లో విమానమెక్కి వారం చివర్లో దిగుతాడు. ఆపరేషన్‌కి సెలవు దొరికింది కానీ ఆ తర్వాతికి దొరకలేదు.

"ఇండియా నుంచి ఎవరినైనా పిలిపిద్దామా?" అన్నాడతను.

"నీడ వస్తుందిగా," అంది మీనా. ఆపరేషన్ కంటే ముందు గెస్ట్ రూమ్ సర్దింది. మంచం మీద పూల దుప్పటి పరిచింది. కిటికీ దగ్గర కొత్త దీపం పెట్టింది. ఈసారి అది ఎలా వెళ్తుందో చూస్తాననుకుంది.

వార్డులో ఆమెని చూసుకున్నది కార్లీనే. పెద్ద చేతులు, తక్కువ మాటలు. "నొప్పి పదికి ఎంత?" అని అడిగినప్పుడల్లా మీనా పక్క మంచం వైపు చూసి, పాపం ఆవిడ మూలుగుతోంది కదా అని, "రెండు," అనేది. ఇంటికెళ్ళే రోజు కారు అద్దంలో వెనక సీటు చూసుకుంది. కాటుకలా నల్లగా, ఒత్తుగా, కార్లీన్ నీడ కూర్చుని ఉంది. ఆండాళ్ ఇంట్లో ఉన్న నీడే. కుట్లు లాగుతున్నా మీనాకి నవ్వొచ్చింది.

ఇంటికి రాగానే నీడ సింకు దగ్గరికి నడిచింది.

"అయ్యయ్యో, మీరు కూర్చోండి," అంటూ మీనా దాని చేతిలోంచి కప్పు లాక్కుంది. సోఫాలో కూర్చోబెట్టి దిండు అందించింది. అది దుప్పటి మడత పెట్టబోతే తనే మడత పెట్టింది. మందు సీసా అందుకోబోతే ముందే మింగేసి ఖాళీ గ్లాసు చూపించింది. అనూప్ విమానమెక్కిన రోజున, కడుపు పట్టుకుని నిలబడి, నీడకి కూడా ఉప్మా చేసి ముందు పెట్టింది. నీడ ప్లేటు వైపు చూస్తూ కూర్చుంది.

"అమ్మా, షాడో ఎందుకు ఏమీ చేయట్లేదు?" అంది నైనిక. దానికి పదేళ్ళు, అన్నీ కావాలి. "ఆరవ్ వాళ్ళింట్లో వాక్యూమ్ కూడా చేసిందట."

"వాళ్ళకి మర్యాద తెలీదు. ఇంటికొచ్చిన వాళ్ళ చేత చాకిరీ చేయించుకుంటారా ఎవరైనా?"

"బట్ నువ్వు తెలుగులో మాట్లాడుతున్నావ్. అది కార్లీన్ షాడో. దానికి ఇంగ్లిష్ వస్తుంది."

"నీడకి భాషేంటే. వెళ్ళి హోంవర్క్ చేసుకో."

అయితే నీడ రోజురోజుకీ పల్చబడుతోంది. కాటుక నలుపు కాస్తా కడిగిన పలక రంగుకి దిగింది, ఆ తర్వాత నీళ్ళ టీలా తయారైంది. మీనా బెంగతో ఇంకో దిండు తెచ్చిపెట్టింది. తన ఒళ్ళు కాలుతున్న సంగతి ఆమెకి తెలుసు. టైలినాల్ మాత్ర వేసుకుంది. ఫోన్లో అనూప్ అడిగితే, "పర్లేదు," అంది.

ఆ మధ్యాహ్నం ఆండాళ్ స్టీలు డబ్బాలో పప్పుచారు పట్టుకొచ్చింది. లోపలికొస్తూనే సోఫా దగ్గర ఆగిపోయింది.

"దీన్ని ఇలా కూర్చోబెట్టావేంటి?"

"గెస్ట్ కదా ఆండాళ్ గారూ."

"అది పేరంటానికి రాలేదు మీనా. తాంబూలం కూడా ఇచ్చావా ఏంటి కొంపదీసి?"

మీనా నవ్వలేదు. జ్వరం మాట్లాడించిందో, ముల్లు మాట్లాడించిందో. "మీ ఇంట్లో అయితే పిలవకుండానే పండగలకి పండగలు ఉండిపోతుంది. అందరికీ అంత అదృష్టం ఉండొద్దూ?" అంది.

ఆండాళ్ డబ్బా బల్ల మీద పెట్టింది. నీడ పక్కనే సోఫాలో కూర్చుంది, పాత పరిచయస్తురాలి పక్కన కూర్చున్నట్టు.

"అప్పుడు చిన్న ఆపరేషన్ అని చెప్పాం అందరికీ," అంది. "ఆపరేషన్ కాదు. ఏడో నెల. పాప. వట్టి చేతుల్తో ఇంటికొచ్చాను. మంచం దిగలేదు మీనా. పళ్ళు కూడా తోముకోలేదు. ఇదే వచ్చి నా తల దువ్వేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. వద్దనడానికైనా నాకు ఓపిక ఉంటేగా. అందుకుంది అన్నాళ్ళు."

మీనా సోఫా మీది దిండు ఆండాళ్ వైపు జరిపింది.

"నాకు తెలీదండీ," అంది.

"ఎవరికీ చెప్పలేదు. జాలి పడితే భరించలేను." ఆండాళ్ లేచింది. "నీ మొహం ఎర్రగా ఉంది. జ్వరం చూసుకున్నావా?"

"పర్లేదండీ. ఇప్పుడే పొయ్యి దగ్గర్నుంచి వచ్చాను."

ఆండాళ్ నమ్మీ నమ్మనట్టు చూసి, పిల్లలొచ్చే వేళకి మళ్ళీ వస్తానని వెళ్ళింది.

కారు చప్పుడు దూరమయ్యాక మీనా సిగ్గుతో చచ్చిపోయింది. ఇన్నేళ్ళూ తను దేన్ని చూసి కుళ్ళుకుందో తెలిశాక ఆ అసూయ పోవాలి కదా. పోలేదు. సిగ్గు అడుగున, నివురు కింద నిప్పులా, ఒక్క ముక్క అలాగే ఉంది. రోజుకి రెండుసార్లు దువ్విందట. ఈ దేశమొచ్చాక నా తల ఎవరు దువ్వారు?

ఆ ఆలోచన రాగానే తన మీద తనకే అసహ్యమేసి పనిలో పడింది. పప్పుచారు వేరే గిన్నెలోకి వంపి డబ్బా కడిగింది. ఎవరి డబ్బా అయినా ఖాళీగా తిరిగివ్వకూడదు. అందులోనూ ఇవాళ, ఆండాళ్‌ది. రవ్వలడ్లయినా పెట్టి ఇవ్వాలని మూకుడు పెట్టి రవ్వ పోసింది. రెండుసార్లు గరిటె తిప్పిందో లేదో, వంటిల్లు తిరిగింది. పొయ్యి పట్టుకోబోయి, కాలుతుందని వదిలేసి, అలాగే అల్మరాకి జారబడి నేల మీద కూర్చుండిపోయింది. లేవబోతే కడుపులో కత్తి దిగినట్టయింది. ఫోను సోఫా మీద ఉంది. రవ్వ మాడుతున్న వాసన వస్తోంది. కాసేపట్లో స్కూలు బస్సొస్తుంది. నైనిక తమ్ముడి చెయ్యి పట్టుకుని తలుపు తీసుకుని లోపలికొస్తుంది, ఈ పొగలోకి.

అప్పుడు చూసింది. నీడ వీధి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. దాని అవతల తలుపు మీది చెక్క గీతలు కూడా కనిపించేంత పల్చగా ఉంది. చెయ్యి గొళ్ళెం మీద వేసింది.

మీరు, కూర్చోండి, అన్న మాటలే నోటికొచ్చాయి మీనాకి. వాటిని మింగింది.

"వెళ్ళకు," అంది. "నాకు చేతకావట్లేదు. నువ్వు చూడు."

నీడ వెనక్కి తిరిగింది. ముందు పొయ్యి కట్టేసింది. తర్వాత వచ్చి ఆమె పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. చెమటకి అంటుకున్న జుట్టు వేళ్ళతో వెనక్కి దువ్వింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి. దువ్విన కొద్దీ నల్లబడింది.

వెనక అద్దాల తలుపులోంచి పడమటి ఎండ ఏటవాలుగా పడుతోంది. నీడ లేచి ఆ ఎండలో నిలబడి సాగడం మొదలుపెట్టింది. వీధి తలుపు సందులోంచి బయటికి పాకింది. పచ్చిక దాటి, పోస్టు డబ్బా దాటి, కోసిన చేల మోళ్ళ మీదుగా, రైలు పట్టాల మీదుగా, నీళ్ళ ట్యాంకుని ఒరుసుకుంటూ, తూర్పున ఉన్న ఆస్పత్రి దాకా సాగింది. పై అంతస్తులో ఎవరికో మాత్రలిస్తున్న కార్లీన్ కాళ్ళ దగ్గరికొచ్చి ఆగింది. కార్లీన్ తల వంచి చూసుకుంది. ట్రే పక్కన పెట్టింది. తన నీడ ఎవరింట్లో ఉందో ఆమెకి తెలుసు.

స్కూలు బస్సు కంటే ముందు అంబులెన్సు వచ్చింది. పిల్లల్ని బస్సు దగ్గర ఆండాళ్ దింపుకుంది.

లోపల పైత్యరసం కారుతోందని, చీము రక్తంలోకి ఎక్కడం మొదలైందని సర్జన్ చెప్పాడు. సాయంత్రం దాకా ఆగి ఉంటే, అని మొదలుపెట్టి, అప్పటికప్పుడు విమానమెక్కి వచ్చిన అనూప్ మొహం చూసి ఆపేశాడు. వార్డులో మత్తు దిగాక కార్లీన్, "నొప్పి పదికి ఎంత?" అని అడిగింది. మీనా ఈసారి పక్క మంచం వైపు చూడలేదు.

"తొమ్మిది," అంది.

మళ్ళీ ఇంటికొచ్చాక ఆండాళ్ చూడటానికి వచ్చింది. మీనా సోఫాలో పడుకుని ఉంది, కాళ్ళ కింద ఆ రెండు దిండ్లూ పెట్టుకుని. వంటింట్లో కుళాయి పారుతోంది. నీడ గిన్నెలు తోముతోంది. తోమిన వాటిని తుడిచి, పెద్దవి కింద చిన్నవి పైన పేర్చి, పొయ్యి గట్టు తుడిచి, చేతులు తుడుచుకుని వచ్చి నైనిక జడ వేయడానికి కూర్చుంది. కౌస్తుభ్ తన వంతు కోసం దువ్వెన పట్టుకుని నిలబడ్డాడు.

ఆండాళ్ వంటింటి గుమ్మంలో చాలాసేపు నిలబడింది.

"మా ఇంట్లో గిన్నెలు తోమలేదే," అంది.

ఆ గొంతు మీనాకి బాగా తెలుసు. ఇన్నేళ్ళూ తన లోపల వినిపించిన గొంతే.

"మీరు చెప్పలేదేమో అక్కా," అంది. "చెప్తే చేస్తోంది."

"ఇంకెన్నాళ్ళుంటుందట?"

"అడగలేదు."

ఆండాళ్ ఇంకోసారి మెరిసే గిన్నెల వైపు చూసి, ఓర్వలేనట్టు మూతి తిప్పి, పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ వెళ్ళేటప్పుడు మీనా బల్ల మీదున్న స్టీలు డబ్బా చూపించింది.

"మీ డబ్బా. అందులో ఏమీ లేదు," అంది, కళ్ళు మూసుకుంటూ.