మూడో కప్పు

"జీతం లేని కొలువుకి ట్రైనింగ్ కూడానా?" అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేస్తున్న చొక్కా కోసం చెయ్యి చాపుతూ. "ఇంట్లో చేసే సేవ చాలక ఊరి మీద పడ్డావా?"

కోడలు పకపకా నవ్వింది. అలవాటు కొద్దీ ఆమె కూడా నవ్వేసింది. నవ్వాక, అందులో నవ్వొచ్చేదేముందో అర్థం కాలేదు. అరవై దాటాక, ఇల్లు కదలలేని ముసలివాళ్ళకు తోడుగా వెళ్ళే వాలంటీరునవుతానని పేరిచ్చింది. ఇదేం పెద్ద విద్య, బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్నదేగా అనుకుంది.

తీరా లైబ్రరీ మేడ మీద గదికి వెళ్తే అంతా తలకిందులైంది. చేరినవాళ్ళంతా తల నెరిసినవాళ్ళే; నేర్పే అమ్మాయికి మాత్రం ఆమె కూతురి వయసు. అభ్యాసం కోసం, వాళ్ళలో రిటైరైన బస్సు కండక్టరొకాయన ఒంటరి ముసలాయనగా నటించాలి, ఈమె పలకరించాలి.

"తిన్నారా అన్నయ్యా? మందులేసుకున్నారా? ఉండండి, ఆ గిన్నెలు కడిగేస్తాను," అంటూ లేచింది.

"నేను నోరు తెరిచేలోపే వంటింట్లోకి పోయావు చెల్లెమ్మా. ఇక కుర్చీతో చెప్పుకోనా?" అన్నాడు కండక్టరు. గదంతా గొల్లుమంది.

ఆమె ముఖం మాడిపోయింది. బయటికొచ్చి మెట్ల మీద కూలబడితే ఆ అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది.

"పని చెయ్యకపోతే నేనెందుకమ్మా అక్కడ?"

"పక్కన మనిషి ఉండడానికి, ఆంటీ. తొలిసారి నేనూ వస్తాను, భయపడకండి."

ఆ జవాబు ఆమెకు మింగుడు పడలేదు. చేతులు కట్టేసుకుని కూర్చుంటే తననొక మనిషిగా ఎవరు లెక్కేస్తారు? ఎప్పుడైనా లెక్కేశారా?

మోకాళ్ళు పట్టేసిన టైలరమ్మ ఇంటికి పంపారు. సింకు నిండా అంట్లు. ఆమె వేళ్ళు జివ్వుమన్నాయి. కిటికీ దగ్గర నుంచి అమ్మాయి వద్దన్నట్టు తలూపింది.

"కూర్చోవే తల్లీ, అవెక్కడికీ పారిపోవు," అంది టైలరమ్మ. "నా కథ నాకే విసుగొచ్చింది. నీదేదన్నా చెప్పు."

తనకో కథ ఉందా? తడబడుతూనే మొదలుపెట్టింది. చిన్నప్పుడు ఈతలో మగపిల్లలను ఓడించడం, పెళ్ళయ్యాక నీళ్ళంటే బట్టలూ బకెట్లే అయిపోవడం... ఆగితే కదా!

బయటికి రాగానే బెంగపట్టుకుంది. "తప్పు చేశానమ్మా. వినడానికి వెళ్ళి నేనే వాగేశాను."

"మళ్ళీ ఎప్పుడొస్తావని ఆవిడ అడగలేదూ?"

అడిగింది. అయితే ఇది సేవా, తన సొంత ఆశా? దారంతా ఆలోచించినా తేలలేదు.

ఇంట్లో భర్త తన స్నేహితుడితో ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. "వచ్చావా? టీ పెట్టు," అన్నాడు. ఇన్నేళ్ళూ ఆ గదిలో మాటలు ఆమెకు వంటింటి గోడ అవతల నుంచి ముక్కలు ముక్కలుగానే వినిపించేవి. ట్రే తెచ్చి పెట్టింది.

"మూడు కప్పులెందుకు? ఇంకెవరన్నా వస్తున్నారా?" అన్నాడు భర్త.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేనొచ్చాను," అంది.